రీస్టార్ట్ రేపు కొడదాంలే

(బెంగళూరు మారతహళ్లి దగ్గర ఒక అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో ఆదివారం పొద్దున, అక్కడి తెలుగు కుటుంబాల కోసం ఒక సిస్టమ్ అడ్మిన్ చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసింది. మైకు పోయినప్పుడు వినపడని నాలుగు మాటలు తప్ప దాదాపు ఉన్నదున్నట్టే ఉంది.)

అందరికీ నమస్కారం. వెనక వినిపిస్తోందా? ఆ మూల ఫ్యాను కొంచెం తగ్గించండి బాబూ, సగం మాటలు అదే మింగేస్తోంది. సరే.

నేను పద్దెనిమిదేళ్లుగా ఈ ఊళ్లోనే, ఒక కంపెనీలో ఉన్న కంప్యూటర్లన్నిటికీ అప్డేట్లు పంపించే పని చేస్తున్నాను. మీ అబ్బాయిలో కోడళ్లో ముఖ్యమైన మీటింగ్‌లో ఉండగా స్క్రీన్ మీద "ఇంకో పదిహేను నిమిషాల్లో రీస్టార్ట్ అవుతుంది" అని వస్తుందే, అప్పుడు వాళ్లు పళ్లు నూరుతూ తిట్టేది నాలాంటివాడినే. తిట్లు నాకు అలవాటే కాబట్టి ఈరోజు నేను చెప్పేది నచ్చకపోతే మొహమాటపడకండి.

ముందు నా సొంత బాగోతం చెప్పేస్తాను. పోయిన సంక్రాంతికి హిందూపురం వెళ్లాను. మా నాన్న రిటైర్డ్ టీచరు, ఆయనకో పాత లాప్‌టాప్ ఉంది, దాంట్లోనే బ్యాంకు, పెన్షన్ కాగితాలు, ఈ-పేపరు, సాయంత్రం యూట్యూబ్‌లో హరికథలు. నేను ఏదో టికెట్ చూద్దామని తీశాను. కింద పవర్ గుర్తు మీద నారింజ రంగు చుక్క ఒకటి కనిపించింది. ఇదేంటి నాన్నా అంటే, "అదా, అది ఎప్పుడూ ఏదో అడుగుతుంటుంది, రేపు చేద్దాంలే అని నొక్కేస్తుంటా" అన్నాడు. టాస్క్ మేనేజర్ తెరిచి చూశాను. అందులో పర్ఫార్మెన్స్, సీపీయూ అనే చోట, అప్ టైమ్ అని ఒక అంకె ఉంటుంది, అంటే ఆ మిషను చివరిసారి నిజంగా రీస్టార్ట్ అయ్యి ఎన్నాళ్లయిందో చెబుతుంది. డెబ్బై ఒక్క రోజులు. ఊరందరి కంప్యూటర్లు చూసుకునేవాడి తండ్రి లాప్‌టాప్ అండీ అది! మా ఆవిడ పక్కనే ఉంది, ఇంకేముంది, ఆ వారమంతా నాకు అదే వాయింపు.

నాన్నేమో "రోజూ రాత్రి షట్‌డౌన్ చేసే పడుకుంటాను గదరా" అని వాదన. ఆయన అబద్ధం చెప్పట్లేదు, ఇక్కడే మనలో చాలామంది పప్పులో కాలేస్తాం. ఇప్పటి విండోస్‌లో షట్‌డౌన్ నొక్కితే మిషను పూర్తిగా ఆరిపోదు. మర్నాడు తొందరగా లేవాలని, లోపల గుండెకాయ లాంటి భాగాన్ని డిస్కు మీద ఒక పక్కన దాచిపెట్టుకుని, పొద్దున మళ్లీ అదే తీసి వాడుకుంటుంది. దాన్ని ఫాస్ట్ స్టార్టప్ అంటారు. రీస్టార్ట్ కొడితేనే మొత్తం కడిగి ముగ్గేసినట్టు కొత్తగా మొదలవుతుంది. అప్డేట్ ఏదైనా వచ్చి కూర్చుని ఉంటే షట్‌డౌన్ పక్కనే "అప్డేట్ అండ్ షట్‌డౌన్" అని ఇంకో మాట కూడా కనిపిస్తుంది. మా నాన్న నమ్మకంగా మామూలు షట్‌డౌనే నొక్కేవాడు, ఎందుకంటే రెండోది నొక్కితే అరగంట కూర్చోవాలి, ఈలోగా కరెంటు పోతుందేమోనని టెన్షన్.

ఇంత గొడవ దేనికి, అప్డేట్ పెట్టకపోతే ఏమవుతుంది అని మీకనిపించవచ్చు. చాలామంది అప్డేట్ అంటే ఏదో కొత్త బొమ్మ, కొత్త రంగు, బటన్లు అటూ ఇటూ మార్చడం అనుకుంటారు. అదీ ఉంది, నాక్కూడా చిరాకే. కానీ నెలనెలా వచ్చేవాటిలో ఎక్కువ భాగం కన్నాలు పూడ్చే మట్టి. ప్రోగ్రాం రాసేది మనుషులు, కోట్ల లైన్లు రాస్తారు, ఎక్కడో ఒకచోట కన్నం ఉండిపోతుంది. దాన్ని పూడ్చి పంపిస్తారు.

మన అపార్ట్‌మెంట్‌నే తీసుకోండి. బిల్డరు ఒకరోజు లిఫ్టు దగ్గర నోటీసు అంటించాడనుకోండి: "అన్ని ఫ్లాట్ల వెనక తలుపుకు పెట్టిన గడియ, స్క్రూడ్రైవరుతో ఫలానా చోట తిప్పితే బయటినుంచి ఊడొస్తోంది. కొత్త గడియలు ఆఫీసులో ఉన్నాయి, ఉచితం, తీసుకెళ్లి బిగించుకోండి." మంచివాడే బిల్డరు. కానీ ఆ నోటీసు మనతోపాటు పాలు వేసేవాడు చదువుతాడు, కొరియరు అబ్బాయి చదువుతాడు, దొంగ కూడా చదువుతాడు. నిన్నటిదాకా ఆ కిటుకు దొంగకు తెలియదు. ఈరోజు తెలిసింది. ఇప్పుడు వాడు చేయాల్సిందల్లా ఎవరెవరు ఇంకా పాత గడియతోనే ఉన్నారో చూసుకుంటూ ఒక్కో తలుపూ తిప్పిచూడటమే.

సాఫ్ట్‌వేర్‌లో అచ్చం ఇదే జరుగుతుంది. మైక్రోసాఫ్ట్ వాళ్లు 2003 అక్టోబరు నుంచీ ప్రతి నెలా రెండో మంగళవారం అప్డేట్లు వదులుతారు, మా ఫీల్డ్‌లో ప్యాచ్ ట్యూస్‌డే అంటాం. అమెరికాలో పొద్దున పది గంటలు, మనకు రాత్రి పదిన్నరో పదకొండున్నరో అవుతుంది, అందుకని ఆ రాత్రి మా ఇంట్లో నేను కాఫీ తాగుతూ కూర్చుంటాను. ఒక్కో నెల వంద దాటి కన్నాలు పూడ్చిన సందర్భాలున్నాయి. అదే రాత్రి ఇంకోచోట ఇంకొకడు కూడా కాఫీ తాగుతూ కూర్చుంటాడు. వాడు పాత ఫైలు, కొత్త ఫైలు పక్కపక్కన పెట్టి ఎక్కడెక్కడ మార్చారో చూస్తాడు. మార్చిన చోటే కన్నం. అక్కడినుంచి, ఇంకా అప్డేట్ పెట్టుకోనివాళ్ల మీదికి ఎలా వెళ్లాలో రాసుకుంటాడు. మా వాళ్లు దాన్ని ఎక్స్‌ప్లాయిట్ వెన్స్‌డే అని వెటకారంగా అంటారు, మంగళవారం పోయి బుధవారం అన్నమాట.

కాబట్టి "రేపు చేద్దాంలే" అని మా నాన్న నొక్కిన డెబ్బై ఒక్క రోజులూ గడియ గురించి నోటీసు ఊరంతా చదివేసింది, కొత్త గడియ మటుకు మా ఇంట్లోనే టేబుల్ మీద ప్యాకెట్లో ఉంది. డౌన్‌లోడ్ కూడా అయిపోయిందండీ. బిగించడమే మిగిలింది.

వన్నాక్రై పేరు విన్నారా? చేతులెత్తండి. ఓ, కొంతమంది విన్నారు. 2017 మే 12, శుక్రవారం ప్రపంచమంతా పాకిన వైరస్ లాంటి ప్రోగ్రాం అది. కంప్యూటర్లలో ఫైళ్లన్నిటికీ తాళం వేసి, తాళంచెవి కావాలంటే 300 డాలర్లు బిట్‌కాయిన్‌లో కట్టు, ఆలస్యమైతే రెట్టింపు అని ఎర్ర బోర్డు పెట్టింది. 150 దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లు. బ్రిటన్‌లో గవర్నమెంటు ఆసుపత్రుల్లో ఆపరేషన్లు, అపాయింట్‌మెంట్లు వాయిదా వేశారు. మన ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు శాఖవి కూడా కొన్ని కంప్యూటర్లు దెబ్బతిన్నాయని అప్పుడు పేపర్లలో వచ్చింది. దానికి ఎవరూ ఏ లింకూ నొక్కనక్కర్లేదు, అదే దాని ప్రత్యేకత, ఒక మిషనులోకి వచ్చిందంటే అదే నెట్‌వర్క్‌లో పక్క మిషనులోకి తనంతట తనే పాకేది.

ఇప్పుడు తేదీలు చూడండి. ఆ కన్నం పూడ్చే అప్డేట్ వచ్చింది 2017 మార్చి 14న. ఏప్రిల్ 14న ఆ కన్నంలోంచి దూరే పనిముట్టును, అమెరికా గూఢచారి సంస్థ దగ్గరినుంచి కొట్టేసినదాన్ని, దొంగలు ఇంటర్నెట్‌లో బహిరంగంగా పడేశారు. మే 12న వన్నాక్రై. మార్చి 14 నుంచి మే 12కి 59 రోజులు. మా నాన్న రికార్డు కంటే పన్నెండు రోజులు తక్కువ. ఆ 59 రోజుల్లో ఒక్కసారి అప్డేట్ పెట్టి రీస్టార్ట్ కొట్టిన విండోస్ 7 మిషన్ల జోలికి అది పోలేకపోయింది. చివరికి బ్రిటన్‌లో ఇరవై రెండేళ్ల కుర్రాడొకడు, అది ప్రతిసారీ ముందు ఏదో పిచ్చి పేరున్న వెబ్‌సైటు కోసం వెతుకుతోందని చూసి, ఆ పేరు తనే కొనేసరికి వ్యాప్తి ఆగింది. అదృష్టం. అలాంటి కుర్రాడు ప్రతిసారీ దొరకడు.

విండోస్ 10 విషయానికి వస్తాను, ఈరోజు నన్ను పిలిచిందే దీనికోసం అనుకుంటాను, వాట్సాప్ గ్రూపులో అందరూ ఇదే అడిగారు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు అప్డేట్లు ఆగిపోయాయి. ఆ మర్నాడు లాప్‌టాప్ ఆన్ అవ్వదా అంటే చక్కగా అవుతుంది, పాటలు వస్తాయి, బ్యాంకు తెరుచుకుంటుంది. అందుకే ఎవరికీ పట్టదు. ఏమిటి ప్రమాదం? విండోస్ 10, 11 ఒకే కొట్టంలో పుట్టిన దూడలు, లోపల చాలా భాగం ఒకటే. ఇప్పుడు నెలనెలా 11లో ఏ కన్నాలు పూడుస్తున్నారో నోటీసు అంటిస్తూనే ఉంటారు. దొంగ దాన్ని చదివి, ఇదే కన్నం 10లో కూడా ఉందా అని చూస్తాడు. ఉంటే, అక్కడ పూడ్చేవాడు లేడు. ఇందాకటి గడియ కథే, కాకపోతే ఈసారి ఆఫీసులో కొత్త గడియలు కూడా లేవు.

అయితే ఒక వెసులుబాటు ఇచ్చారు. ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్డేట్స్ అని, ఇళ్లలో వాడేవాళ్లకు 2026 అక్టోబరు 13 వరకు. సెట్టింగ్స్‌లో విండోస్ అప్డేట్ పేజీలోనే చేరమని లింకు కనిపిస్తుంది. మైక్రోసాఫ్ట్ అకౌంటుతో లాగిన్ అయ్యి మీ సెట్టింగ్స్ బ్యాకప్‌కి ఒప్పుకుంటే డబ్బులేం కట్టక్కర్లేదు, అది ఇష్టం లేకపోతే 30 డాలర్లు, లేదా వాళ్ల రివార్డ్ పాయింట్లు వెయ్యి ఉంటే అవి ఇవ్వచ్చు. అంటే గడువు కొంచెం జరిగిందంతే. ఈలోగా ఏదో ఒకటి తేల్చుకోవాలి.

కొత్త విండోస్ 11కి వెళ్దామంటే పాత మిషన్లు చాలావరకు పనికిరావు. ఇంటెల్ అయితే ఎనిమిదో తరం ప్రాసెసర్, ఆపైన ఉండాలి, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి. మా నాన్నది ఆరో తరం, కుదరదు. ఇక్కడి కంప్యూటర్ల బజారు ఎస్పీ రోడ్డులో అడిగితే "అదెంతసేపు సార్, మేం ఎక్కించేస్తాం" అంటారు. ఎక్కించగలరు, నిజమే, దానికి దొంగదారులున్నాయి. కానీ అలా ఎక్కించిన మిషన్లకు అప్డేట్లు వస్తాయని గ్యారంటీ లేదని మైక్రోసాఫ్టే చెబుతోంది. అప్డేట్ల కోసమే కదా మనం ఇంత తంటాలు పడేది, అవే రాకపోతే ఎందుకు మరి?

మా నాన్న లాప్‌టాప్‌కి నేను చేసింది వేరు. లైనక్స్ మింట్ ఎక్కించాను. ఉచితం, పాత మిషను మీద తేలిగ్గా నడుస్తుంది, అప్డేట్లకు ఏళ్ల తరబడి గ్యారంటీ. ఆయన వాడేది బ్రౌజరు ఒక్కటే కదా. రెండు రోజులు "నా బొమ్మలన్నీ ఏవిరా" అన్నాడు, మూడోరోజు నుంచి హరికథలు మామూలే. కానీ అందరికీ ఇదే చేయమనను. ట్యాలీ, డిజిటల్ సిగ్నేచర్ పెట్టే పెన్‌డ్రైవు, ఏదో ప్రత్యేకమైన ప్రింటరు, ఇలాంటివి ఉన్నవాళ్లు మింట్ పెట్టుకుంటే మర్నాటి నుంచి నాకు ఫోన్లే ఫోన్లు.

ఎస్పీ రోడ్డు మాట వచ్చింది కాబట్టి ఇంకోటి. చెన్నైలో రిచీ స్ట్రీటయినా, ఇక్కడ ఎస్పీ రోడ్డయినా, కంప్యూటరు అసెంబుల్ చేయించేటప్పుడు కొన్ని షాపుల్లో ఒక ప్రశ్న అడుగుతారు, విండోస్ ఒరిజినల్ వేయాలా, మామూలుది వేయాలా అని. మామూలుది అంటే దొంగది. మనవాళ్లు వంకాయలు ఏరినంత తేలిగ్గా "మామూలుదే వెయ్ బాబూ" అంటారు. ఆ మామూలుది పనిచేయాలంటే యాక్టివేటర్ అని ఒక చిన్న ప్రోగ్రాం నడపాలి. ఆ ప్రోగ్రాంతో వచ్చే సూచనల్లో మొదటి లైనేమిటో తెలుసా? "ముందు మీ యాంటీవైరస్ ఆపేయండి." దొంగ ఇంటికొచ్చి, అమ్మా మీ కుక్కను కాసేపు కట్టేయండి అన్నట్టు! కొన్నయితే విండోస్ అప్డేట్‌ని శాశ్వతంగా నిలిపేస్తాయి కూడా, లైసెన్సు బండారం బయటపడుతుందని. నాలుగైదు వేలు మిగిలిందనుకుంటాం, ఇంటి తాళాల గుత్తి ఎవడికిచ్చామో మనకే తెలియదు.

విండోస్ ఒక్కటే చూసుకుంటే సరిపోదు. మీరు ఎక్కువసేపు ఉండేది బ్రౌజరులో. క్రోమ్‌కి ఇప్పుడు దాదాపు వారానికోసారి సెక్యూరిటీ అప్డేట్ వస్తుంది. తనంతట తనే దించుకుంటుంది, కానీ మూసి తెరిస్తేనే పనిచేస్తుంది. మా అమ్మాయి నలభై ట్యాబులు తెరిచి పెట్టుకుని నెలరోజులైనా మూయదు, మూస్తే అన్నీ పోతాయని భయం. పోవు తల్లీ, రీలాంచ్ నొక్కితే అన్నీ తిరిగి వస్తాయి. కుడివైపు పైమూల గుర్తు రంగు మారుతుంటుంది, మొదట ఆకుపచ్చ, తర్వాత నారింజ, వారం దాటితే ఎరుపు. ఎరుపు దాకా రానివ్వకండి.

తర్వాత విన్‌రార్. ఫైళ్లను మూటకట్టి, మళ్లీ విప్పే ప్రోగ్రాం. నవ్వుతున్నారు, అంటే అందరి దగ్గరా ఉందన్నమాట, నలభై రోజుల ట్రయల్ అంటూ పదేళ్లుగా నడుస్తోంది. దానికి తనంతట తను అప్డేట్ అయ్యే ఏర్పాటే లేదు. 2019లో దాంట్లో ఒక కన్నం బయటపడింది, అది పందొమ్మిదేళ్లుగా అలాగే ఉందట. 2023లో ఒకటి, 2025లో ఇంకొకటి, అవి దొంగలు వాడుతుండగా పట్టుకున్నారు. 7.13 కంటే పాతది ఉంటే తీసేసి, కంపెనీ సైటు నుంచి కొత్తది పెట్టుకోండి, లేదా అసలు తీసిపారేయండి, జిప్ ఫైళ్లు విండోసే తెరుస్తుంది. వాడనిది తీసేయడం కంటే మంచి అప్డేట్ లేదు అంటాను నేను. ఒకప్పుడు బ్రౌజరులో వీడియోలు, ఆటలు నడిపిన ఫ్లాష్ ప్లేయర్ ఇంకా ఎవరి దగ్గరైనా ఉంటే, అది 2020 డిసెంబరు 31తోనే చచ్చిపోయింది, తద్దినం పెట్టేయండి. ఇంట్లో కంప్యూటరు పిల్లలెవరైనా ఉంటే వింగెట్ అనే కమాండుతో చాలా ప్రోగ్రాములు ఒకేసారి అప్డేట్ చేయొచ్చు, వాళ్లనడగండి, చేసి పెడతారు.

ఇక గోడకు తగిలించిన వైఫై పెట్టె. అందులో కూడా ఒక చిన్న కంప్యూటరే ఉంటుందని మనకు గుర్తుండదు. ఫైబర్ అబ్బాయి వచ్చి పెట్టి వెళ్లాక దాన్ని మళ్లీ ఎవరూ తాకరు, దుమ్ము తుడవడానికి తప్ప. పాస్‌వర్డ్ అడ్మిన్, అడ్మిన్. తలుపు దగ్గర పెట్టిన సీసీ కెమెరాలదీ అదే సంగతి. 2016లో మిరాయ్ అని ఒక వైరస్ లాంటిది వచ్చింది, అది చేసింది ఎంత సింపుల్ అంటే, కంపెనీలు పెట్టి అమ్మే ఇలాంటి పాస్‌వర్డ్ జతలు 60కి పైగా ఒక చీటీ మీద రాసుకుని, ప్రపంచంలో ఉన్న కెమెరాలన్నిటి తలుపూ తట్టింది. లక్షల్లో తెరుచుకున్నాయి. ఆ ఏడాది అక్టోబరు 21న అమెరికాలో ఎన్నో పెద్ద పెద్ద వెబ్‌సైట్లు ఆ కెమెరాల దెబ్బకు పడకేశాయి. దాన్ని తయారుచేసింది కాలేజీ వయసు కుర్రాళ్లు ముగ్గురు. కాబట్టి ఆ వైఫై పెట్టె, అదే రౌటరు, దాని పాస్‌వర్డ్ మార్చండి, ఫర్మ్‌వేర్ అప్డేట్, అంటే పెట్టె లోపలి ప్రోగ్రాంకి అప్డేట్, దాని సెట్టింగ్స్ పేజీలో ఉంటే నొక్కండి. ప్రొవైడరు ఇచ్చిన పెట్టె అయితే చాలావరకు వాళ్లే పంపిస్తారు, మరీ పాతదైతే మార్చమని అడగండి.

ఇంకొక్క చిక్కు, ఇది నేను చాలా ఇళ్లలో చూశాను. ఒకప్పుడు ఫోను హాట్‌స్పాట్ పెట్టి వాడిన రోజుల్లో, డేటా అయిపోతుందని, పిల్లలెవరో ఆ కనెక్షన్‌ని "మీటర్డ్" అని పెట్టి ఉంటారు. తర్వాత ఇంటికి ఫైబర్ వచ్చినా, అదే పేరు అదే పాస్‌వర్డ్ పెట్టుకోవడంతో ఆ సెట్టింగ్ అలాగే ఉండిపోతుంది. విండోస్ పాపం పొదుపు చేస్తున్నాననుకుని పెద్ద అప్డేట్లు దించుకోదు. వైఫై సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఒకసారి చూడండి.

అప్డేట్ చేయండి, చేయండి అని ఇంతసేపు చెప్పాను కదా, ఇదే మాట దొంగ కూడా చెబుతాడు. ఈ భాగం ముఖ్యంగా పెద్దవాళ్లు వినాలి. ఏదో వెబ్‌సైటు చూస్తుంటే స్క్రీనంతా ఎర్రగా అయిపోయి, కీచుమని శబ్దం వచ్చి, "మీ విండోస్‌లో వైరస్ ఉంది, వెంటనే ఈ నంబరుకు చేయండి" అంటుంది. లేదా వాట్సాప్‌లో బ్యాంకు యాప్ అప్డేట్ అని, ట్రాఫిక్ చలాన్ అని, పెళ్లి శుభలేఖ అని ఏపీకే ఫైలు, అంటే నొక్కితే ఫోనులో యాప్ ఎక్కించే ఫైలు, వస్తుంది. లేదా ఫోన్. నాకు తెలిసిన ఒక పిన్నిగారికి అలాగే వచ్చింది. "మేడమ్, మీ కంప్యూటరు అప్డేట్ కాలేదు, అకౌంటు బ్లాక్ అవుతుంది, నేను సాయం చేస్తాను" అని ఎంతో మర్యాదగా, తెలుగులోనే మాట్లాడాడట. స్క్రీన్ చూపించే యాప్ ఒకటి పెట్టించాడు. ఆమె తెలివైన మనిషి, బ్యాంకు పేజీ తెరవమనేసరికి అనుమానం వచ్చి వైఫై పెట్టె ప్లగ్గే పీకేసింది. నేను ఎంత చదివినా అంతకంటే మంచి ఉపాయం చెప్పలేను.

అసలైన అప్డేట్ ఎప్పుడూ మీకు ఫోన్ చేయదు. వాట్సాప్‌లో రాదు. ఏదో వెబ్ పేజీ మధ్యలో గంట కొట్టదు. సెట్టింగ్స్‌లో, లేదా ఆ ప్రోగ్రాంలోనే ఉంటుంది, మీరే వెళ్లి చూసుకోవాలి. ఒకవేళ డబ్బు పోయిందనుకోండి, సిగ్గుపడుతూ అబ్బాయికి చెప్పాలా వద్దా అని సాయంత్రం దాకా ఆలోచించకండి, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేయండి, ఎంత తొందరగా చేస్తే డబ్బు మధ్యలో ఆపడానికి అంత వీలు.

మీలో కొందరు ఇందాకటి నుంచీ ఒక మాట గొంతులో పెట్టుకుని కూర్చున్నారు, నాకు తెలుసు. అప్డేట్ పెట్టడం వల్లే పాడైంది కదా అని. అవుతుందండీ, కాదనను. 2024 జులై 19 గుర్తుందా? క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ ఒక తప్పుడు ఫైలు పంపిస్తే 85 లక్షల విండోస్ మిషన్లు నీలి తెర వేసుకుని కూర్చున్నాయి. మన ఎయిర్‌పోర్టుల్లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. ఆ వారాంతం నేను ఇంటికే రాలేదు. కాకపోతే అది కంపెనీలు కొనుక్కునే సాఫ్ట్‌వేర్, మీ ఇంటి లాప్‌టాప్‌లో ఉండదు. ఇళ్లలో జరిగేవి చిన్నవి, ప్రింటరు పలకదు, సౌండు రాదు, అప్డేట్ తీసేసి మళ్లీ పెడితే చాలావరకు సర్దుకుంటాయి.

నేను నా ఇంట్లో చేసేది ఇది. నెలనెలా వచ్చే సెక్యూరిటీ అప్డేట్‌ని రెండు మూడు రోజుల్లో పెట్టేస్తాను, మొదటి రోజే ఎగబడను, వారం దాటనివ్వను. ఏడాదికోసారి వచ్చే పెద్ద వెర్షన్ మార్పు ఉంటుందే, దానికి మాత్రం నెలో రెండు నెలలో ఆగుతాను, ముందు ఇతరుల ఇళ్లలో పేలనివ్వండి. ఏది పెట్టేముందైనా ఫొటోలు, కాగితాలు ఒక బయటి హార్డ్ డిస్కులోకి తీసుకుని, డిస్కు పీకి బీరువాలో పెడతాను. తగిలించే ఉంచితే, వన్నాక్రై లాంటిది వచ్చినప్పుడు దానికీ తాళం పడుతుంది. ఇంకోటి, ఇది రాసుకోండి, ఇప్పటి లాప్‌టాప్‌లు చాలావాటిలో మీకు తెలియకుండానే డిస్కుకు బిట్‌లాకర్ తాళం వేసి ఉంటుంది. బయాస్ అని, మిషను ఆన్ అవగానే మొదట నడిచే ప్రోగ్రాం ఉంటుంది, దాని అప్డేట్ లాంటిదేదైనా అయ్యాక ఒక్కోసారి 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది మామూలుగా మీ మైక్రోసాఫ్ట్ అకౌంటులో ఉంటుంది, ఆ అకౌంటు ఏ అబ్బాయి పేరు మీదుందో, ఆ అబ్బాయి ఏ డల్లాస్‌లో ఉన్నాడో. ఈరోజే తీసి కాగితం మీద రాసి పెట్టుకోండి. ఈ కీ దొరక్క ఒకాయన మనవడి చిన్నప్పటి ఫొటోలన్నీ పోగొట్టుకున్నారు. మా కళ్లముందే డిస్కు తుడిచేశాం, వేరే దారి లేక.

ప్రశ్నలుంటే అడగండి.

(యాంటీవైరస్ కొనాలా అని ఒకరు అడిగారు.)

విండోస్‌తో వచ్చే డిఫెండర్ ఇళ్లకు సరిపోతుంది, దాన్ని ఆపకుండా ఉంచితే చాలు. కొనుక్కుంటానంటే మీ ఇష్టం. గవర్నమెంటు వాళ్ల సైబర్ స్వచ్ఛతా కేంద్రం అని ఉంది, 2017లో మొదలుపెట్టారు, అనుమానం వచ్చినప్పుడు మిషను శుభ్రం చేసుకునే టూల్స్ అక్కడ ఉచితంగా దొరుకుతాయి. కానీ ఏది కొన్నా అప్డేట్ పెట్టకుండా యాంటీవైరస్ మీద భారం వేస్తే, దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టే ఉంటుంది.

(గుంటూరులో ప్రెస్సు నడిపి, ఇప్పుడు కొడుకు దగ్గర ఉంటున్న ఒక పెద్దాయన: "బాబూ, నా దగ్గర పాత విండోస్ ఎక్స్‌పీ మిషను ఉంది. పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సెవెన్, తెలుగు అక్షరాలకు అను ఫాంట్లు. ఇప్పటికీ శుభలేఖలు, చిన్న పుస్తకాలు కంపోజ్ చేస్తాను. వేళ్లకు అను యాపిల్ కీబోర్డే అలవాటు. నువ్వు దాన్ని కూడా పారేయమంటావా?")

అయ్యో, పారేయమంటే నన్ను తెలుగువాళ్లు క్షమించరు మాస్టారూ. పేజ్‌మేకర్ 7 వచ్చిందే 2001లో, ఎక్స్‌పీకి అప్డేట్లు 2014 ఏప్రిల్‌లో ఆగిపోయాయి, ఇక ఎవరూ కన్నాలు పూడ్చరు. కాబట్టి ఆ మిషనుకు ఇంటర్నెట్ వైరు పీకేయండి. వైఫై పాస్‌వర్డ్ కూడా చెప్పకండి దానికి. టైపురైటరులా వాడుకోండి, హాయిగా. పీడీఎఫ్ చేశాక పెన్‌డ్రైవులో తెచ్చి ఇంకో కొత్త మిషనులో స్కాన్ చేసి, అక్కడినుంచి మెయిల్ పంపండి. కస్టమరు తెచ్చిన పెన్‌డ్రైవు నేరుగా దాంట్లో మాత్రం గుచ్చకండి, ముందు కొత్త మిషనులోనే. మీకు అసలు భయం వైరస్ కంటే ఆ పాత హార్డ్ డిస్కే, ఏ రోజు కన్నుమూస్తుందో తెలియదు, దానికో నకలు తీసి ఉంచుకోవాలి, ఆ పని నేను చేసిపెడతాను. పాత పుస్తకాల ఫైళ్లు యూనికోడ్‌లోకి, అంటే ఏ కంప్యూటరులోనైనా కనిపించే తెలుగులోకి, మార్చే కన్వర్టర్లున్నాయి, ఒత్తులు అక్కడక్కడా తప్పుతాయి, ప్రూఫ్ మళ్లీ చూసుకోవాలి. ప్రూఫు చూడటం మీకు నేను చెప్పాలా?

("అంకుల్, ఫోన్లకు కూడా ఇదేనా?")

అదేనమ్మా. కాకపోతే ఫోను కొనేటప్పుడు కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్లు అని అడుగుతాం, ఎన్నేళ్లు సెక్యూరిటీ అప్డేట్ ఇస్తారని అడగం. అడగాలి. కొన్ని ఫోన్లకు ఏడేళ్లు ఇస్తున్నారు, కొన్నిటికి రెండేళ్లతో సరి.

సరే, ఇక చాలు, టిఫిన్ చల్లారిపోతోంది. లాప్‌టాప్‌లు తెచ్చినవాళ్లు ఇటు కిటికీ పక్కకు రండి, అక్కడ ఆరు ప్లగ్ పాయింట్లున్నాయి, క్లబ్‌హౌస్ వైఫై మీటర్డ్ కాదని నేను పొద్దున్నే చూశాను. ఛార్జరు తగిలించాకే మొదలుపెట్టండి, బ్యాటరీ మీద వద్దు. మాస్టారూ, మీ ఎక్స్‌పీ మిషను ఏ ఫ్లాటులో ఉందో చెప్పండి, నేనే వస్తాను.